తల వంచండి, కళ్లు దించకండి

అంత దూరం పట్టుకుని చదివితే చెయ్యి లాగదాండీ? మోచెయ్యి అప్పుడే తలుపుకి తగులుతోంది. ఇంకో జానెడు దూరం కావాలంటే మీరు బయట మెట్ల మీద నిలబడాలి, నేను లోపల కాగితం పట్టుకోవాలి.

నా మీద ఏం రాసుకొచ్చారో మీకే కనపడకపోతే నాకెలా చదివి వినిపిస్తారు సార్? అదేమన్నా న్యాయంగా ఉందా? కళ్లజోడు నుదుటి మీదకి తోస్తే కనపడుతుందనుకుంటున్నారు. అందరూ అదే చేస్తారు. చత్వారం సార్ అది, చత్వారం. నలభై దాటిన ప్రతివాడికీ వస్తుంది. హోదా చూడదు.

రండి, ఈ కుర్చీలో కూర్చోండి. అయ్యయ్యో, లంచం కాదండీ బాబూ! కళ్లు చూసినందుకు నేనెవరి దగ్గరా పైసా తీసుకోను. బయట బోర్డు మీదే రాసుంది. చూడలేదా? సరే, అది కూడా చత్వారం ఖాతాలోనే వేసుకుందాం.

గడ్డం ఈ మిషను మీద పెట్టండి. నుదురు ఈ పట్టీకి ఆనించండి. ఇక మాట్లాడకూడదు. మాట్లాడితే గడ్డం కదులుతుంది, గడ్డం కదిలితే పవరు తప్పొస్తుంది, ఆ తప్పు పవరు పెట్టుకుని మీరు ఇంకెవడి మీదో కేసు రాస్తారు. ఆ పాపం నాకెందుకు?

లోపల రోడ్డు కనిపిస్తోందా? రోడ్డు చివర గాలిబుడగ, అదే బెలూను, ఉంటుంది. దాన్నే చూస్తూ ఉండండి. నన్ను చూడకండి. మీ నిఘా శాఖవాళ్లకి అది కొంచెం కష్టమేననుకోండి.

ఇందాక మీరడిగినదానికి జవాబు చెప్తా. "ఈ బ్లాగు వెనక ఎవరున్నారు?" అనేగా? వెనక ఎవరుంటారండీ! వెనక గోడుంది. గోడవతల టైలరున్నాడు. అసలు ఇదంతా ఆయన వల్లే. రాసుకోండి... వద్దొద్దు, రాసుకోకండి, మాటవరసకన్నాను. పిల్లలు గలవాడు.

ఏం జరిగిందంటేనండీ, వీధికి ఆ చివరో కంపెనీ కళ్లద్దాల షోరూము లేచింది. ఈ చివర ఇంకోటి. చల్లగా ఏసీ, గాజు తలుపులు, తలుపు తీసి నవ్వడానికే ఒక మనిషి. మధ్యలో మేడ మీద నేను. జనం మెట్లెక్కడం మానేశారు. అప్పుడు టైలరన్నాడు, "అన్నయ్యా, నీది ఏ కంపెనీకీ చెందిన షాపు కాదని గట్టిగా చెప్పుకో. నీ గొప్పంతా అదే" అని. నిజమే కదా అనిపించి బోర్డు మార్పించాను. పెద్ద అక్షరాల్లో 'ఇండిపెండెంట్ ఆప్టికల్స్'. దాని కింద 'ప్రోగ్రెసివ్ లెన్సులు ఇచ్చట చక్కగా అమర్చబడును'.

ఇంటర్నెట్లో కూడా ఏదో ఒకటి రాసి పెట్టు, ఈ రోజుల్లో అందరూ అక్కడే చూస్తున్నారన్నాడు. సరే, బ్లాగొకటి తెరిచాను. పేరడిగింది. ఏం పెట్టాలో తోచక బోర్డు మీద మాటలే రెండు తీసి అతికించాను. 'ఇండిపెండెంట్ ప్రోగ్రెసివ్'.

అదే సార్ నేను చేసిన కుట్ర.

కదలకండి! గాలిబుడగ పోయిందా? వస్తుంది, వస్తుంది. రెప్ప ఒకసారి కొట్టండి.

ప్రోగ్రెసివ్ అంటే మీరనుకునే అభ్యుదయం కాదండీ. పాతకాలం జోళ్లు గుర్తున్నాయా, అద్దం మధ్యలో గీత ఉండేవి? పైన దూరానికి, కింద దగ్గరికి. ఈ ప్రోగ్రెసివ్‌కి గీతుండదు. పైనుంచి కిందకి పవరు మెల్లమెల్లగా మారుతుంది. అంతకంటే అందులో సిద్ధాంతమేం లేదు. 'గీత లేని అద్దం' అని ఆ సంగతే రాశాను. 'పైవాళ్లకో చూపు, కిందవాళ్లకో చూపు అని గీత గీసే కాలం పోయింది' అని ఎవరో దానికింద వ్యాఖ్య పెట్టారు. నేను పైవాళ్లు అన్నానా సార్? పైభాగం అన్నాను.

కానీ అది తర్వాత సంగతి. మొదట్లో నా బ్లాగు చదివేది ఇద్దరం, నేనూ టైలరూ. ఆయన కూడా చదవకుండానే బాగుందనేవాడని నా అనుమానం.

ఇంతలో ఎక్కడో ఒక లెక్చరరుగారు ఊడిపడ్డాడు. ఆయన్ని ఎవరో అడిగారట, "మాస్టారూ, మన దేశంలో ఎవరికీ తలొగ్గకుండా, కాస్త ముందుచూపుతో రాసే బ్లాగులు ఎక్కడ దొరుకుతాయి?" అని. ఆయన వెతకడానికి పూనుకున్నాడు. ఎలా వెతికాడు? 'ఇండిపెండెంట్', 'ప్రోగ్రెసివ్' అని కొట్టి వెతికాడు. ఆ రెండు మాటలూ దేశం మొత్తం మీద పక్కపక్కన ఇంకా బతికున్నది నా బ్లాగు పేరులోనే సార్!

సరే, జాబితా వేశాడు. మీ దగ్గరుందిగా అది, చూసే ఉంటారు. మొదటాయన 'కొద్దిరోజులు విరామం' అని రాసి వెళ్లాడు, ఆ కొద్దిరోజులు ఇంకా అవలేదు. రెండో ఆయన, ఇంటికి ఎవరో వచ్చి కాఫీ తాగి మాట్లాడి వెళ్లినప్పట్నుంచీ పిట్టల ఫొటోలు పెడుతున్నాడు. పిట్టలు బాగుంటాయి, అది వేరే మాట. మూడోది 'నిర్భయ గళం'. అబ్బో, చాలా ఘాటుగా ఉంటుంది. అది మీ శాఖవాళ్లే నడుపుతారటగా? ఎవరు కామెంట్లు పెడతారో చూడ్డానికి?

గడ్డం, గడ్డం! కదలొద్దన్నానా?

నాలుగోది నాది. పైనున్నవి ఒక్కొక్కటే జాబితాలోంచి రాలిపోతుంటే నాది పైకి పాకింది. నేనేం రాయకపోయినా పాకింది. ఆఖరికి మొదటి స్థానం. జీవితంలో నాకు దేంట్లోనూ మొదటి స్థానం రాలేదండీ. వచ్చింది ఇలా వచ్చింది.

అయింది, ఇక వెనక్కి జరగండి. ఈ ఇనప ఫ్రేము పెట్టుకోండి. కొంచెం బరువే, ముక్కు మీద గుర్తు పడుతుంది. భయపడకండి, పోతుంది. ఇందులో అద్దాలు మార్చి మార్చి చూపిస్తాను, ఏది బాగుందో చెప్పండి. ఎదురుగా బోర్డు చూడండి. ఇది బాగుందా... ఇదా? మొదటిదా, రెండోదా? రెండూ ఒకేలా ఉన్నాయా? మీరు అద్దాల గురించే అంటున్నారా సార్, ఎన్నికల గురించా?

సరదాకన్నానండీ. ఇది కూడా రాసుకోవాలా?

చివరి వరస చదవండి. ఊఁ... ఊఁ... అది 'మ' కాదు, 'వ'. ఇప్పుడు? ఆ, అద్గదీ.

ఎక్కడున్నాను? జాబితా. జాబితాలో ఎక్కాక జనం రావడం మొదలెట్టారు. షాపుకి కాదండోయ్, బ్లాగుకి. అప్పటికి నేను మెట్లు దిగడం గురించి ఒకటి రాసి ఉన్నాను. ప్రోగ్రెసివ్ కొత్తగా పెట్టుకున్నవాళ్లు మెట్ల మీద తూలుతారు. ఎందుకు? అద్దం అడుగుభాగంలో దగ్గరి పవరుంటుంది కదా, కళ్లు కిందికి దించితే దాంట్లోంచి మెట్టు మసకగా కనిపిస్తుంది, ఎక్కడుందో అంచనా తప్పుతుంది. అందుకని తల కిందికి వంచి, అద్దం పైభాగంలోంచి చూడాలి. ఇదే సంగతి రెండు ముక్కల్లో రాశాను. 'దిగేటప్పుడు తల వంచండి, కళ్లు దించకండి.'

అంతే! కొంప మునిగింది.

"ఎంత మాటన్నారు!" అని ఒకరు. "ఈ రోజుల్లో ఇంత ధైర్యమా?" అని ఇంకొకరు. "చదివి ఏడ్చాను" అని ఒకావిడ. మెట్లు దిగడానికి ఏడుపెందుకండీ? మర్నాడు టీ కొట్టు గోడ మీద బొగ్గుతో రాసుంది. ఆ పై వారం కరెంటాఫీసులో గుమాస్తాలు నల్లబ్యాడ్జీల మీద అదే మాట వేయించుకుని తిరిగారు. వాళ్లలో ఒకాయన కళ్లజోడు బిగించుకోవడానికి నా దగ్గరికొచ్చాడు, ఆ బ్యాడ్జీతో. నేనే రాశానని ఆయనకి తెలీదు. "బాగా చెప్పాడండీ మహానుభావుడు" అన్నాడు. నేను స్క్రూ బిగిస్తూ "ఆ, బాగానే చెప్పాడు" అన్నాను.

అబద్ధమెందుకు, నాకు నచ్చింది. మనిషన్నాక పొగడ్త చేదా? అద్దాల షాపువాడికి అద్దాలకేం కొదవ, అన్నింట్లోనూ చూసుకున్నాను, గడ్డం పెంచితే ఎలా ఉంటానా అని.

తర్వాత మీటింగు పెట్టారు. ఆ మీటింగు గురించీ మీ కాగితాల్లో ఉందిగా? ఉంటుంది. వెనక వరసలో ఎవరో పేపరు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నాడు, మీవాడే అయుంటాడు. గ్రంథాలయం హాల్లో. నన్ను మాట్లాడమన్నారు. నాకేం తెలుసు? నాకు తెలిసింది చత్వారం. దాని గురించే మాట్లాడాను. "నలభై దాటితే ఎవరికైనా దగ్గరున్నవి కనపడవు, ఎక్కడో దూరంగా ఉన్నవే కనపడతాయి" అన్నాను. చప్పట్లు. "కన్ను చెడిపోయిందని కాదు, లోపల మెత్తగా ఉండాల్సింది గట్టిపడిపోతుంది" అన్నాను. లేచి నిలబడ్డారు సార్! "ఒప్పుకోవడానికి నామోషీ పడి ఏళ్ల తరబడి చెయ్యి చాపి చదువుతుంటారు" అన్నాను. ఒక పెద్దాయన స్టేజీ మీదకొచ్చి నన్ను వాటేసుకున్నాడు. నేను చెప్పేది నిజంగా కళ్ల గురించేనండీ అన్నాను. హాలంతా గొల్లున నవ్వింది. "ఆ వ్యంగ్యమే మీ ఆయుధం" అన్నారు.

ఎలా చెప్పాలి సార్ వీళ్లకి? కళ్లు అన్నా కళ్లు కావంటారు.

వాళ్లనని ఏం లాభం, మీరూ అంతేగా! మీ ఫైల్లో నా రాతల కింద ఈ ఎర్రగీతలు చూడండి. 'మొదటి వారం తల తిరుగుతుంది. భయపడి పాతవాటికి వెళ్లిపోకండి, అలవాటవుతుంది.' దీని పక్కన మీరేం రాశారు? 'తిరుగుబాటు'. తల తిరిగితే తిరుగుబాటేంటండీ! రేపు ఫ్యాను తిరిగినా పట్టుకుపోతారా? ఇక్కడ, 'పక్కలకి మసకగా ఉంటే కళ్లు తిప్పితే చాలదు, తల తిప్పి చూడండి.' దీనికి 'రెచ్చగొట్టుట'. మెడని రెచ్చగొట్టానా?

కాకపోతే ఒక్కదానికి మాత్రం మీరు గీత పెట్టలేదు. అద్దాలు తుడవడం గురించి రాసినదానికి. మెట్లెక్కి రాగానే అన్నారు కదా, "అది పనికొచ్చేలా ఉందయ్యా, అలాంటివి రాసుకో" అని. మీ ఆఫీసు నోటీసు బోర్డుకి కూడా అంటించారన్నారు. చాలా సంతోషం సార్. చొక్కా కొసతో తుడవకూడదు, ముందు నీళ్లతో కడగాలి, అవన్నీ అందరికీ పనికొచ్చేవే.

ఇప్పుడు దగ్గరి పవరు వేస్తాను. ఆగండి, కార్డెందుకు? మీ కాగితమే పట్టుకోండి. మామూలుగా, ఒళ్లో పెట్టుకుని చదివేంత దూరంలో. అద్దం మారుస్తున్నా... ఇప్పుడు?

చూశారా!

ఆ మొహం చూడ్డానికే సార్ నేనీ షాపు నడిపేది. కలెక్టరైనా కూలీ అయినా, అక్షరం మళ్లీ కనబడ్డప్పుడు అందరిదీ అదే మొహం. చిన్నపిల్లాడి మొహం.

చదవండి, పైకి చదవండి. "ఈ బ్లాగులో రాసినవన్నీ కేవలం కళ్లద్దాల గురించే. వీటికి వేరే అర్థం లేదు. వేరే అర్థం తీసినవారు పొరబడ్డారు." కింద నా సంతకం. దాన్ని ఫొటో తీసి నా బ్లాగులోనే పెట్టాలి. పెడితే షాపు లైసెన్సు ఉంటుంది, లేకపోతే మెట్ల దగ్గర తాళం. అంతేగా?

చూడండి, నేను ఇందాకట్నుంచీ మొత్తుకుంటున్నది కూడా అదే. మీరు రాసుకొచ్చిందీ అదే. మనిద్దరికీ పేచీ ఏముంది? సంతకం పెట్టి, టీ తెప్పించి, మిమ్మల్ని మెట్ల దాకా సాగనంపాలి. కానీ చెయ్యి రావట్లేదు సార్.

మా అమ్మాయుంది. ఒక్కతే. పత్రికలో పనిచేసేది. ఊరవతల కొత్తగా కట్టిన నీళ్లట్యాంకు, నీళ్లెక్కకుండానే బీటలిచ్చిందని రాసింది. ట్యాంకుకేం కాలేదు, దాని ఉద్యోగం పోయింది. ఇంటికొచ్చి కూర్చుంటే నేనేమన్నాను? "నీకెందుకమ్మా ఊళ్లో గొడవలు, తల వంచుకుని నీ పని నువ్వు చేసుకోవచ్చుగా" అన్నాను. ఏ తండ్రైనా అదే అంటాడండీ. మీకు పిల్లలున్నారా? ఉన్నారుగా, మీరూ అదే అంటారు. "తల వంచితే నేల తప్ప ఏం కనపడుతుంది నాన్నా" అంది. బట్టలు సర్దుకుని వెళ్లిపోయింది. ఇదే ఊళ్లో, అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుకుంటూ గది తీసుకుని ఉంటోంది. నాతో మాట మానేసింది. వాళ్లమ్మతో మాట్లాడేది, నేను ఫోను దగ్గరికొస్తే పెట్టేసేది. నా దగ్గు వినపడినా సరే.

ఆ జాబితా దాని కంట పడింది. నా బ్లాగు మొత్తం చదివింది. ఒకరోజు షాపు మూయబోతుంటే ఫోను.

"నాన్నా, నువ్వేనా?"

నేనేనమ్మా అన్నాను. ఇంకెవరంటాను? ఫోనెత్తింది నేనేగా.

"తల వంచినా కళ్లు దించకు... అది నాకోసం రాశావా నాన్నా?"

చెబుదామనే అనుకున్నానండీ. కాదమ్మా, మెట్ల గురించి, ప్రోగ్రెసివ్ లెన్సు గురించి అని చెబుదామని నోటిదాకా వచ్చింది. ఈలోగా అది అవతల ఏడుస్తోంది. చిన్నప్పుడు కూడా అంతే, చప్పుడు చెయ్యకుండా ఏడ్చేది, ముక్కు ఎగబీలిస్తే గాని తెలిసేది కాదు. ఆ ముక్కు ఎగబీల్చడం విన్నాను సార్. "ఆ" అన్నాను. ఆ ఒక్క అక్షరమే.

"నీకు భయం వెయ్యలేదా?" అంది. "కళ్లద్దాల షాపువాడికి భయం దేనికమ్మా" అన్నాను. నిజమే చెప్పాను. దానికి నవ్వొచ్చింది, ఎంత గడుసువాడివి నాన్నా అంది.

అప్పట్నుంచీ సాయంత్రమయ్యేసరికి ఫోను. ఇవాళేం చేశావు, ఏం తిన్నావు, ఏం రాస్తున్నావు. ఆ అచ్చాఫీసు మేస్త్రీకి కూడా చెప్పుకుందట, మా నాన్న ఫలానా అని. మా నాన్న ఫలానా అని అది ఎప్పుడన్నా ఎవరికన్నా చెప్పుకుందాండీ? బళ్లో ఉన్నప్పుడు కూడా చెప్పుకోలేదు.

ఇప్పుడు ఈ కాగితం బ్లాగులో పెడతాను. అది చదువుతుంది. 'వేరే అర్థం తీసినవారు పొరబడ్డారు.' ఎవరు సార్ పొరబడింది? ఆ టీ కొట్టువాడా, ఆ కరెంటాఫీసు గుమాస్తాలా? వాళ్లు ఏమనుకుంటే నాకేం! పొరబడింది నా కూతురు. సంతకం పెడితే లోకానికి నిజం చెప్పినవాణ్ణి, కూతురికి అబద్ధం చెప్పినవాణ్ణి. పెట్టకపోతే షాపు లేనివాణ్ణి. నిజం మీద సంతకం పెట్టడానికి భయపడేవాణ్ణి మీరెప్పుడన్నా చూశారా?

మా ఆవిడ సంగతి చెప్పమంటారా? మీరు వస్తున్నానని ఫోను చేసిన దగ్గర్నుంచీ అదే పోరు. పొద్దున వంటింట్లోంచి, "సంతకం పెట్టి రండి, షాపు పోతే ఏం తింటాం?" నేను చెప్పులేసుకుంటుంటే గుమ్మంలోకొచ్చి, "ఆ పిల్ల మళ్లీ మాట మానేసిందంటే నేనూ మీతో మాట్లాడను, జాగ్రత్త." ఏదో ఒకటి చెప్పవే అన్నాను. "రెండూ చెప్పాగా, మీరే చూసుకోండి" అంది. ఆవిడది కూడా ప్రోగ్రెసివే సార్, పైనో పవరు, కిందో పవరు.

పెన్నిస్తున్నారా? ఇవ్వండి.

ఇదుగో... 'అన్నీ' అని ఉంది చూడండి. 'రాసినవన్నీ కేవలం కళ్లద్దాల గురించే.' ఆ 'అన్నీ' కొట్టేయడానికి కుదురుతుందా? కుదరదా? ఊరికే అడిగా. పైవాళ్లు టైపు చేయించిందా. అలాగా.

అయితే నేను చెప్పాల్సింది ఒకటుందండీ. అబద్ధపు కాగితం మీద మీరు నాచేత సంతకం చేయించుకుంటే రేపు మీకు మాటొస్తుంది. ఇందాకట్నుంచీ నా కుర్చీలో కూర్చుని కళ్లు చూపించుకున్న మనిషి మీరు, మీకు మాట రానివ్వడం నాకిష్టం లేదు.

అన్నీ కళ్లద్దాల గురించి కాదు సార్. ఒకటి కాదు.

మెట్లదా? కాదండీ బాబూ, ఎన్నిసార్లు చెప్పాలి, అది మెట్ల గురించే. తల తిరగడం కాదు. తల తిప్పడం కాదు. గీత లేని అద్దం కూడా కాదు. మీరు ఎర్రగీత పెట్టినవన్నీ నిక్షేపంలాంటి కళ్లద్దాలే. తిప్పకండి, ఆ కాగితాల్లో ఉండదది. దానికి మీరు గీతే పెట్టలేదు.

ఆ, అదే.

అమ్మాయి మళ్లీ మాట్లాడ్డం మొదలెట్టాక రాశాను అది. నీళ్లట్యాంకు సంగతంతా మొదట్నుంచీ చెప్పించుకున్నాను. ముందసలు నేను వినలేదు సార్, గొడవలు గొడవలు అంటూ దాని నోరు మూయించడమే గాని, అది ఏం రాసిందో చదవనే లేదు. వాళ్ల పత్రిక పాత కాగితాల్లోంచి ఆ వార్త కూడా తీసేశారట. తుడిచేశారు. ఆ విరామం ఆయన్నీ, పిట్టల ఆయన్నీ తుడిచినట్టే. విన్నాక కూర్చుని రాశాను. దానికోసం ఒక్కటన్నా నిజంగా రాయాలి కదా, ఊరికే 'ఆ' అనేశానాయె. నాకు వేరే భాష రాదు, నాకొచ్చిన భాషలోనే రాశాను. నీళ్లు, మెత్తటి గుడ్డ, చొక్కా కొస, అవన్నీ పైకి. చివర్న ఏముందో మీకు గుర్తుందా?

'ఎంత తుడిచినా పోని మసక ఉందంటే అది మురికి కాదు, గీతలు. గట్టిగా తుడిచినందువల్ల పడ్డ గీతలు. తుడిచేవాణ్ణి అడిగితే మురికంతా అద్దానిదే అంటాడు, ఇంకా గట్టిగా తుడుస్తాడు. ఇక తుడుపు పనికిరాదు. మార్చాలి.'

ఏం మార్చాలో రాయలేదు. మీరు అద్దం అనుకున్నారు.

తమాషా ఏంటంటే, ఇన్ని రాస్తే జనం మెట్లు చూసి ఏడ్చారు, చత్వారానికి లేచి నిలబడ్డారు. నిజంగా రాసిన దీనికి మాత్రం ఒక్క కామెంటు లేదు. ఒక్కరికీ అర్థం కాలేదు. మా అమ్మాయి కూడా, "ఇది మామూలుగా కళ్లద్దాల గురించేగా నాన్నా, మధ్యలో ఇలాంటివి కూడా పెట్టు, అనుమానం రాకుండా ఉంటుంది" అంది. దేశం మొత్తంలో దాన్ని మెచ్చుకున్నవాళ్లు మీరొక్కరే సార్. నోటీసు బోర్డుకెక్కించి మరీ మెచ్చుకున్నారు. రోజూ మీ ఆఫీసులో పదిమందీ చదువుతున్నారన్నమాట, ఒకరి మీద ఒకరు పడి.

ఏంటండీ అలా అయిపోయారు? మంచినీళ్లు కావాలా?

ఎవరు అంటించారో అడుగుతారా మీ పైవాళ్లు? అడక్కుండా ఉంటారా? అందుకే ముందే చెప్పాను. మీరు వెళ్లి అది పీకేస్తే, ఎందుకు పీకారని అడుగుతారు. పీకకపోతే ఎందుకుంచారని అడుగుతారు. నా పరిస్థితే మీదీను. ఇప్పుడు మనిద్దరం పక్కపక్కన కూర్చున్నట్టే.

లేదండీ, బెదిరించట్లేదు. నేనెవర్ని, మిమ్మల్ని బెదిరించడానికి? మీరు అడిగారు, వెనక ఎవరున్నారని. నేనే ఉన్నాను. ఈ ముక్క ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుందామంటే నమ్మేవాళ్లెవరు, అందరూ మెట్లే పట్టుకున్నారాయె. చివరికి మీకు చెప్పుకున్నాను. ఈ సాయంత్రం మా అమ్మాయికి కూడా చెప్తాను, ఏది మెట్ల గురించి, ఏది కాదు అన్నది. అది ఏమంటుందో నాకు తెలీదు. మీకంటే దానికే ఎక్కువ భయపడుతున్నాను సార్ ఇప్పుడు.

పెన్ను తీసుకోండి. సంతకం నేను చెయ్యను. నా మాటగా రాసుకోవాలంటే రాసుకోండి, అక్షరాలు కనిపిస్తున్నాయిగా? 'ఒకటి తప్ప' అని. ఆ ఒకటేదో కూడా రాస్తారా, ఊరుకుంటారా, అది మీ ఇష్టం.

ఆ ఫ్రేము ఇలా ఇవ్వండి, అది పెట్టుకుని మెట్లు దిగితే పడతారు. మీ పాతదే పెట్టుకోండి. పవరు రాసి ఉంచాను. ప్రోగ్రెసివే రాశాను, మీ వయసుకి అదే నయం. వచ్చేవారానికి జోడు తయారవుతుంది. షాపు తెరిచి ఉంటే వచ్చి తీసుకోండి. లేదంటే మా అమ్మాయి దగ్గర ఇచ్చి పెడతాను, వెళ్లి అడగండి. దాని అడ్రసు మీ కాగితాల్లో ఉండే ఉంటుంది.